ముప్పై లీటర్ల బ్యాగు: గుంటూరులో సర్దుకుని గుల్మార్గ్‌లో విప్పడం

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. భుజాల మీంచి బ్యాగు దించి, అందులోని పార, ప్రోబ్ (మంచులో గుచ్చి మనిషిని వెతికే కడ్డీ) బయటికి తీసి, బిగించి చేతబట్టుకోవడానికి నాకు పట్టిన సమయం అది. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, స్కీయింగ్‌కి వెళ్ళిన మాకు నేర్పుతున్న ట్రైనర్ స్టాప్‌వాచ్ నా మొహం ముందు పెట్టి చూపించాడు. ఆ రోజు మంచులో పాతిపెట్టింది మనిషిని కాదు, బీకన్ (ఎక్కడున్నామో తెలిపే సిగ్నల్ పంపే పరికరం) దాచిన ఒక గోనెసంచిని. అవలాంచ్‌లో, అంటే కొండ మీంచి విరిగిపడే మంచులో, కూరుకుపోయిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే గట్టి ఆశ. ఆ తర్వాత ఊపిరాడక బతికే అవకాశం గబగబా పడిపోతుంది. అందులో నాలుగు నిమిషాలు నేను జిప్పుతో కుస్తీ పట్టాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి నుంచి యార్డులో తల ఎత్తడానికి ఉండదు. కాబట్టి సంక్రాంతి వెళ్ళగానే దొరికే పది రోజులే నాకు స్కీయింగ్ సీజను. మొదట్లో కోర్సు చేసి, మామూలు వాలుల మీదే జారాను. తర్వాత స్కీల అడుగున స్కిన్స్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా ఆపే జిగురు పట్టీలు) అంటించుకుని, రోప్‌వే లేని పక్క కొండల మీదికి నడిచి ఎక్కి, జారుతూ దిగే చిన్న ట్రిప్పులు మొదలుపెట్టాను. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే మూడింటికల్లా గదికి చేరే పని. ఖిలన్‌మార్గ్ వైపో, బాబా రేషీ దర్గా వైపు దిగే చెట్ల మధ్యకో వెళ్తాం. గైడు లేకుండా ఒక్కసారి కూడా వెళ్ళలేదు, మీరూ వెళ్ళొద్దు. ఈ ఒక్క పూట పనికి ఎలాంటి బ్యాగు కావాలో చెప్పే మనిషి మన ఊళ్ళల్లో దొరకడు. అందుకని నా తప్పుల చిట్టా మీ ముందు పెడుతున్నాను.

ఎన్ని లీటర్లు, ఎలాంటిది

28 నుంచి 35 లీటర్ల మధ్య. నాది ముప్పై.

మొదటిసారి ఇంట్లో ఉన్న 20 లీటర్ల కాలేజీ బ్యాగు పట్టుకెళ్ళాను. పార లోపల పట్టక పిడి బయటికి పొడుచుకొచ్చింది. జాకెట్ బయట వేలాడదీస్తే గంటలో మంచు పట్టి తడిసిపోయింది. దానికి విరుగుడుగా మరుసటి ఏడు 45 లీటర్లది కొన్నాను. చోటుంటే నింపడం మన బుద్ధి, అందులోనూ సర్దింది మా అమ్మ. పదకొండు కిలోలు తేలింది. జారేటప్పుడు ప్రతి మలుపులోనూ నేను ఒకవైపు తిరిగితే బ్యాగు ఇంకోవైపు తిరిగేది.

ఆ బ్యాగు ఒకరోజు కొట్టుకు తీసుకొచ్చి, మా దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే ముఠా మేస్త్రి చేతికిచ్చాను. నలభై కిలోల మిర్చి టిక్కీని రోజంతా వీపున మోసే మనిషి. ఒకసారి తగిలించుకుని అటూ ఇటూ ఊగి, "ఇది ఊగుద్ది బాబూ. ఊగే బరువు రెండింతలవుద్ది" అని దించేశాడు. టిక్కీ వీపుకి అతుక్కుని ఉంటుంది కాబట్టే పరిగెత్తగలుగుతున్నామన్నాడు. స్కీ బ్యాగు కొనేటప్పుడు ఇంతకంటే మంచి పరీక్ష నాకు ఇంకెక్కడా దొరకలేదు. అన్ని పట్టీలూ బిగించి, నడుము మీద గబుక్కున అటూ ఇటూ తిరగండి. మీరు ఆగాక బ్యాగు కూడా ఆగిపోతే మంచిది. ఇంకా కదులుతుంటే అక్కడే వదిలేయండి.

బ్యాగు వీపుకి సరిపోవాలంటే మీ ఎత్తు కాదు చూడాల్సింది, వీపు పొడవు. మెడ వంచితే వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి, నడుము రెండు పక్కలా తగిలే తుంటి ఎముకల పైఅంచు దాకా టేపుతో కొలవాలి. ఆరడుగుల వాడికి పొట్టి వీపు ఉండొచ్చు. నడుము పట్టీ ఆ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. బరువులో ఎక్కువ భాగం అక్కడికి దిగాలి. ఛాతీ పట్టీ మాత్రం భుజం పట్టీలు జారకుండా ఆపడానికే.

ఇక అరలు. ఇక్కడే తొందరపడకండి. పార, ప్రోబ్ కోసం విడిగా ఒక అర ఉండాలి. అందులో ఇంకేమీ పెట్టకూడదు. నేను నాలుగు నిమిషాలు తిప్పలు పడింది ఇది లేకనే. ప్రోబ్ స్వెట్టర్ కింద, పార పిడి లంచ్ బాక్సు పక్కన, పార రేకు అడుగున ఉన్నాయి. ఇప్పుడున్న బ్యాగులో ముందువైపు జిప్పు ఒక్కటి లాగితే మూడూ కనిపిస్తాయి. ఇంట్లో వరండాలో కూర్చుని, మా అబ్బాయి ఫోన్లో టైము చూస్తుండగా తీసి బిగించడం ప్రాక్టీసు చేస్తే నలభై సెకన్లకు వచ్చింది.

పెద్ద అరకి వీపు వైపు నుంచి తెరుచుకునే జిప్పు ఉంటే ఇంకా మంచిది. మంచులో బ్యాగు పడుకోబెట్టినప్పుడు వీపుకి ఆనే భాగం పైకి ఉంటుంది, అది తడవదు. అడుగున ఉన్న వస్తువు కోసం పైన ఉన్నవన్నీ మంచులో పరుచుకోనక్కర్లేదు.

స్కీలు మోసే పట్టీ కూడా చూడండి. కొన్ని చోట్ల స్కీలు తీసి భుజాన వేసుకుని నడవాల్సి వస్తుంది. కింద ఒక మందపాటి ఉచ్చు, పైన ఒక పట్టీ ఉండి, రెండు స్కీలూ కలిపి ఏటవాలుగా కట్టే పద్ధతి నాకు తేలిగ్గా అనిపించింది. దాన్ని పరీక్షించడానికి గుంటూరులో స్కీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆరడుగుల సరుగుడు కర్రలు రెండు బ్యాగుకి కట్టుకుని కొండవీడు ఘాట్ రోడ్డెక్కాను. రెండో మలుపులో బండి ఆపిన పెద్దాయన "పందిరెక్కడ బాబూ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక "పైన" అన్నాను. కర్రల కింది కొసలు పిక్కలకి తగులుతున్నాయని ఆ రోజే తెలిసింది, ఉచ్చు ఒక గుంట పైకి మార్చాను.

రంగు నల్లది, తెల్లది వద్దు. నారింజో, ఎరుపో తీసుకోండి. హెల్మెట్ పెట్టుకునే వల ఉంటే సరే, లేకపోయినా నష్టం లేదు. వేలాడే పట్టీలు ఎక్కువున్న బ్యాగు కొంటే కత్తిరించుకోండి. రోప్‌వేలోనో, చెయిర్ లిఫ్టులోనో అవి ఇరుక్కుంటే ప్రమాదం. ఎక్కే ముందు బ్యాగు దించి ముందుకి పట్టుకోవాలి.

కొనే ముందు రెండు పనులు. షాపులో బ్యాగు లోపల కుక్కిన కాగితాలు తీయించి లీటరు నీళ్ళ సీసాలు ఏడు పెట్టండి. అంటే ఏడు కిలోలు, కొండ మీద మనం మోసే అసలు బరువుకి దగ్గర. రెండోది, ఆటోనగర్ వెల్డింగ్ షాపుల్లో వాడే తోలు గ్లౌజులు ఒక జత వెంట తీసుకెళ్ళి, అవి తొడుక్కునే ప్రతి బకిలూ, ప్రతి జిప్పూ తీసి పెట్టండి. షాపువాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. మైనస్ పదిహేనులో గ్లౌజు తీసి బకిలు పెట్టుకోవడమంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. జిప్పు కొనలు చిన్నవిగా ఉంటే బ్యాగు వదులుకోనక్కర్లేదు. నేను టిక్కీలు కుట్టే పురికొసతో వేలు దూరేంత ఉచ్చులు ప్రతి జిప్పుకీ కట్టాను. పురికొస తడిస్తే గడ్డకడుతుంది, మీరు నైలాన్ తాడు వాడండి.

పార, ప్రోబ్, ట్రాన్సీవర్

ఈ మూడూ ఒక జట్టు. ఒకటి లేకపోతే మిగతా రెండూ దండగ. అందరి దగ్గరా ఉండాలి, ఎందుకంటే మీ దగ్గరున్న పార మిమ్మల్ని తవ్వదు, పక్కవాణ్ణి తవ్వుతుంది.

ట్రాన్సీవర్‌నే బీకన్ అని కూడా అంటారు. అన్ని కంపెనీలవీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఒకరిది ఇంకొకరికి వినిపిస్తుంది. మూడు యాంటెన్నాలున్నది తీసుకోవాలి. ఇది బ్యాగులో పెట్టే వస్తువు కాదు. బ్యాగు ఊడిపోతే అదీ పోతుంది. పై జాకెట్ లోపల, దాని పట్టీలతో ఒంటికే కట్టుకోవాలి. గదిలో బయల్దేరేటప్పుడు ఆన్ చేస్తే మళ్ళీ గదికి వచ్చాకే ఆఫ్. ఫోను దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు, అసలు ఫోను ఆపేస్తే ఇంకా మంచిది. కంపెనీ వేరేగా చెప్తే తప్ప ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. రీచార్జ్ చేసేవి ఎంత మిగిలిందో సరిగ్గా చూపించవు. గుల్మార్గ్ షాపుల్లో ఈ మూడూ అద్దెకిస్తారు. ఒకసారి నాకు అద్దెకొచ్చిన బీకన్‌లో ఛార్జి సగం కూడా లేదు. అప్పటినుంచి బ్యాటరీల కొత్త పొట్లం గుంటూరు నుంచే తీసుకెళ్తాను. అద్దె బీకన్ తీసుకోగానే పంపడం, వెతకడం రెండూ ఇంకొకరి బీకన్‌తో షాపు ముందే సరిచూసుకోండి.

ప్రోబ్ అంటే డేరా కర్రలా ముక్కలు ముక్కలుగా మడిచే సన్నటి కడ్డీ. 240 సెంటీమీటర్లు తక్కువలో తక్కువ. నేను 280ది వాడతాను. పార రేకు అల్యూమినియంది కావాలి. కూలిన మంచు పడ్డ కాసేపటికే సిమెంటులా బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పార దాన్ని తాకి పగులుతుంది. పిడి పొడుగు సాగేది తీసుకోండి. ఒక మీటరు లోతులో ఉన్న మనిషి కోసం తోడాల్సిన మంచు టన్నుకు అటూఇటూ ఉంటుందని చెప్పారు. మా లెక్కలో పాతిక టిక్కీలు. కొట్లో నలుగురు పట్టినా అదేం చిన్న పని కాదు.

అవలాంచ్‌లో గాలి నిండి మనిషిని మంచు పైన ఉంచడానికి సాయపడే సంచి ఉన్న ఎయిర్‌బ్యాగ్ బ్యాగులు కూడా ఉన్నాయి. మంచిదే, కానీ ఖరీదెక్కువ, బరువెక్కువ, గ్యాసు సిలిండరుది అయితే విమానంలో ముందుగా అనుమతి తలనొప్పి. ఆ డబ్బుతో మొదట అవలాంచ్ కోర్సు చేయమంటాను. గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ వాలుల మీద 2023లోనూ, 2024లోనూ ఫిబ్రవరిలోనే అవలాంచ్‌లలో విదేశీ స్కీయర్లు పోయారు. అనుభవం ఉన్నవాళ్ళే. చండీగఢ్‌లోని రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే హెచ్చరికలు, స్థానిక బులెటిన్ పొద్దున్నే చూసి, గైడు వద్దంటే ఆ రోజు కాఫీ తాగి పడుకోవడమే.

డీప్ ఫ్రీజర్ పరీక్ష

గుంటూరులో మంచు లేదు, కానీ ఫ్రిజ్ ఉంది. డీప్ ఫ్రీజర్‌లో సుమారు మైనస్ 18 డిగ్రీలు. అఫర్వత్ పైన జనవరి పొద్దున చలి కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. బ్యాగులో వెళ్ళే ప్రతి తిండినీ, ట్యూబునూ ఒక రాత్రి అందులో పెట్టి చూడండి.

సంక్రాంతి పిండివంటలు డబ్బాల నిండా ఉండే రోజులు గనక నా పరీక్ష వాటితోనే. అరిసె చెప్పు అట్టలా తయారైంది. పల్లీపట్టీ కొరికితే పన్నులోని సిమెంటు ఊడొచ్చింది, ఇది ఫ్రీజర్ పరీక్ష మొదలుపెట్టక ముందు, కొండ మీద జరిగిన సంగతి. సున్నుండలో నెయ్యి గడ్డకట్టి గోళీ అవుతుంది, కానీ జాకెట్ లోపలి జేబులో పావుగంట ఉంచితే మళ్ళీ మెత్తబడుతుంది. జంతికలకీ, చేగోడీలకీ ఏమీ కాదు. వాటిలో తడి లేదు, ఉప్పుంది, గ్లౌజుతో కూడా తీసుకోవచ్చు. వేయించిన వేరుశనగపప్పు, జీడిపప్పు కూడా అంతే. విదేశీ ఎనర్జీ బార్లు కొని దాచుకోకండి, చాలావరకు ఇటుకలవుతాయి. నేను సగం జంతికలు, సగం పప్పులు, రెండు సున్నుండలు తీసుకుంటాను. కలిపి మూడువందల గ్రాములు.

నీళ్ళకి బ్యాగులోంచి గొట్టంతో పీల్చే సంచి వద్దు. గొట్టంలో నీళ్ళు అరగంటలో గడ్డకట్టాయి, మిగతా రెండు లీటర్లు వీపున మోస్తూ దాహంతో తిరిగాను. పెద్ద మూతి ఉన్న లీటరు సీసా తీసుకుని, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉన్ని సాక్సులో దూర్చి, తలకిందులుగా పెట్టండి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర తెరుచుకుంటుంది. మూత గట్టిగా బిగించారో లేదో చూసుకునే బాధ్యత మీది.

దానికి తోడు అరలీటరు ఫ్లాస్కు. అందరూ టీ పోస్తారు. నేను మిరియాల చారు పోస్తాను. వడగట్టి, పోపు లేకుండా, కాస్త ఉప్పు ఎక్కువ వేసి. హోటల్ వంటవాడికి మొదటిరోజు నేర్పాల్సి వచ్చింది. ఇప్పుడు మా గైడు తన కప్పు తనే తెచ్చుకుంటున్నాడు.

బట్టలు

పత్తి పండే జిల్లావాణ్ణి చెప్తున్నాను, కాటన్ వద్దు. బనీను దగ్గర్నుంచి సాక్సు దాకా. ఎక్కేటప్పుడు పట్టిన చెమట కాటన్‌లో ఆరదు, ఆగగానే అదే చలి. ఒంటికి ఆనుకుని ఉన్నిదో, పాలిస్టర్‌దో ఉండాలి. ఒంటి మీద ఉన్నవి పోగా బ్యాగులో వెళ్ళేవి ఇవి: అన్నిటి మీదా తొడుక్కోగలిగేంత వదులైన ఈకల జాకెట్, అదనపు గ్లౌజులు ఒక జత, ఉన్ని టోపీ. గ్లౌజు ఒకటి గాలికి ఎగిరిపోతే ఆ రోజు అక్కడితో సరి, అందుకే రెండో జత.

కళ్ళజోడు గురించి అశ్రద్ధ చేయకండి. కొత్త మంచు మీద పడిన అతినీల కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. మబ్బు పట్టినా సరే. జారేటప్పుడు గాగుల్స్, ఎక్కేటప్పుడు పక్కలు మూసిన నల్లద్దాలు. సన్‌స్క్రీన్ ముక్కు కిందా, గడ్డం కిందా కూడా రాయాలి.

మిగతా చిన్నవి

తలకి కట్టుకునే లైటు, విజిల్, అత్యవసరానికి వెండిరేకు దుప్పటి సంచి, లైటరు. మందుల పొట్లంలో క్రేప్ బ్యాండేజీ, త్రికోణపు గుడ్డ, నొప్పి మాత్ర, బొబ్బలకి అంటించే టేపు. మరమ్మతుకి మల్టీటూల్, రబ్బరు స్కీ పట్టీలు నాలుగు, ఇనపతీగ జానెడు, స్కీ కర్రకి చుట్టిన డక్ట్ టేపు. స్కీ పట్టీ విరిగిన కర్రనీ కడుతుంది, ఊడిన బూటునీ కడుతుంది, విరిగిన కాలికి కూడా కట్టు వేస్తుంది. నాలుగు కంటే తగ్గించకండి. లైటరు మాత్రం అక్కడే కొనాలి, విమానంలో రానివ్వరు. పార, ప్రోబ్, మల్టీటూల్ లగేజీలో వేయాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

విదేశీయులు రాసిన జాబితాల్లో శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి అని ఉంటుంది. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గరుండటమే నేరం. తెచ్చి చిక్కుల్లో పడిన విదేశీయులున్నారు. మనకి ఫోనే దిక్కు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మొదటి ఏడు శ్రీనగర్‌లో దిగి ఇంటికి ఫోన్ చేయలేక అమ్మని రాత్రంతా టెన్షన్ పెట్టాను. చలికి బ్యాటరీ పడిపోతుంది, ఫోను లోపలి జేబులో, ప్యాంటు వైపు ఉంచితే బీకన్‌కి దూరమూ అవుతుంది.

ఇంకో మాట. కృష్ణకి దగ్గర్లో ఉండేవాళ్ళం, సముద్రమట్టానికి పట్టుమని యాభై మీటర్లు కూడా ఎత్తులేని నేల మీద. గుల్మార్గే సుమారు 2,650 మీటర్లు. దిగిన మర్నాడే పైకి పరిగెత్తకండి. రెండు రోజులు కిందే జారండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే మాత్ర వేసుకుని ఎక్కడం కాదు, దిగడం. ముందే వేసుకునే మాత్రల సంగతి మీ డాక్టర్ని అడగండి.

సర్దడం

బరువైనవి వీపుకి ఆని, నడుముకీ భుజాలకీ మధ్యలో. నీళ్ళు, ఫ్లాస్కు అక్కడ. జాకెట్ అడుగున కాదు, పైన. ఆగగానే మొదట కావాల్సింది అదే. పై చిన్న జేబులో గాగుల్స్, తిండి, సన్‌స్క్రీన్. ఎక్కడం అయ్యాక తీసిన స్కిన్స్‌కి బ్యాగులో చోటు ఉంచకండి. జిగురు చల్లబడితే మళ్ళీ అంటవు. జిగురు వైపులు ఒకదానికొకటి అంటించి జాకెట్ లోపలే దోపుకోండి. అన్నీ సర్దాక కిరాణా కొట్టు కాటా మీద పెడితే నాది ఏడు కిలోల ఎనిమిది వందలు. ఎనిమిది దాటితే ఏదో ఒకటి తీసేస్తాను. తీసేసే వాటిలో పార, ప్రోబ్, జాకెట్ ఎప్పుడూ ఉండవు.

ఆ బరువుతో డిసెంబరంతా ఆదివారాలు మంగళగిరి మెట్లెక్కుతాను. పైన పానకం తాగి దిగుతాను. భుజం దగ్గర ఒరుసుకునే పట్టీ, నడుము దగ్గర గుచ్చుకునే బకిలు ఆ మెట్ల మీదే బయటపడతాయి. ఒక ముసలమ్మ నా బ్యాగు చూసి, ఇంత మొక్కు ఏం మొక్కుకున్నావయ్యా అని జాలిపడింది.

తిరిగొచ్చాక బ్యాగు జిప్పులన్నీ తెరిచి నీడలో ఆరేయండి. బీకన్ బ్యాటరీలు తీసేయండి, లేకపోతే మన వేసవికి లోపలే కారతాయి. స్కీలు నేను గుల్మార్గ్ కిందున్న టంగ్‌మార్గ్‌లో గైడు ఇంట్లోనే వదిలి వస్తాను. స్కిన్స్ మాత్రం ఒకసారి ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టాను. రోహిణి కార్తె వెళ్ళేసరికి జిగురంతా కరిగి అట్టపెట్టెకి అంటుకుంది. మరుసటి ఏడు కొత్తవి కొని, కవరు గట్టిగా కట్టి ఫ్రిజ్ అడుగు అరలో దాచాను. కూరగాయలు తీయబోయిన అమ్మ చేతికి ఆ వెంట్రుకల పట్టీలు తగిలాయి. అది ఏ జంతువు తోలో చెప్పేదాకా వంట చేయనంది. నైలానే అన్నా నమ్మలేదు. ఇప్పుడు అవి కూడా టంగ్‌మార్గ్‌లోనే ఉంటున్నాయి.